మిరపకోతలప్పుడు ఇంటికి తీసుకెళ్ళండి

నా ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన అమ్మాయి పోయిన ఆదివారం మా ఇంటికి వచ్చింది. ఒంగోలు పిల్ల, సోషల్ వర్క్‌లో ఎం.ఏ. చేసింది. పాపని ఎత్తుకుని ముద్దు చేసింది, కాఫీ తాగింది, వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, "అక్కా, ఫైళ్ళన్నీ చదివేశాను. మనం చేసే పనేమిటో మాత్రం అర్థం కాలేదు" అంది.

నవ్వొచ్చింది కానీ, తప్పు ఆ పిల్లది కాదు. ఆ పని ఫైళ్ళలో ఉండదు. ఏదో చెప్పబోయేసరికి పాప ఏడుపు అందుకుంది. రాసి పంపిస్తానన్నాను. పగలు కుదరదు కాబట్టి పాప పడుకున్నాక రాస్తున్నాను. మధ్యమధ్య లేచి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటాను. మా ఆయన నవ్వుతాడు, పిల్లల డాక్టరుగారూ నవ్వారు. ఆ గాలి వేలికి తగిలితే తప్ప నాకు పెన్ను కదలదు. అందుకని ఇది అతుకులతో ఉంటే సర్దుకోవాలి.

ముప్పై రెండేళ్ళకి ఎవరూ రిటైర్ అవరు. మా అత్తగారు మాత్రం అడిగినవాళ్ళందరికీ "మా కోడలు రిటైరైందండీ" అనే చెబుతారు. ఏ ఉద్యోగం నుంచి అని వాళ్ళు అడిగేలోపే పాపకి పళ్ళు వస్తున్న సంగతి ఎత్తుకుంటారు. కోడలు జైళ్ళ చుట్టూ తిరిగిందని చెప్పుకోవడం ఆవిడకి ఇబ్బంది. ఆవిడ్ని తప్పు పట్టను. నా కూతురు రేపు ఇదే పని చేస్తానంటే నాకూ భయమే వేస్తుంది.

దిగబెట్టి రావడం

మా ఆఫీసు బ్రాడీపేటలో ఒక మందుల షాపు పైన ఒకే గది. నడిపేది రూతమ్మ టీచరుగారు, మిషన్ స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. గుంటూరు, ప్రకాశం జిల్లాల నుంచి శిక్షపడి, దూరాన ఉన్న ఆడవాళ్ళ జైలుకి వెళ్ళినవాళ్ళని నెలకోసారి చూసి రావడం, వాళ్ళ కబుర్లు ఇళ్ళకీ, ఇళ్ళ కబుర్లు వాళ్ళకీ మొయ్యడం, విడుదలైన రోజున వెంటబెట్టుకుని ఊరికి చేర్చడం మా పని. కాగితాల మీద దానికి పునరావాసం అని పెద్ద పేరుంది. టీచరుగారు ఆ మాట వాడేవారు కాదు. "దిగబెట్టి రావడమమ్మా. కొత్త కోడల్ని అత్తారింట్లో దిగబెడతాం చూడు, అంతే. దింపేసి చేతులు దులుపుకోవడం కాదు. మళ్ళీ మళ్ళీ పోయి చూసి రావాలి" అనేవారు.

ఆవిడకి కొన్ని పట్టింపులుండేవి. జీపులో తీసుకెళ్ళకూడదు, పోలీసులు తెచ్చినట్టుంటుంది. కొత్తచీర కట్టబెట్టకూడదు, పెళ్ళికి వచ్చినట్టుంటుంది. చీకటి పడ్డాక ఊళ్ళో అడుగు పెట్టకూడదు. ఈ చివరిదాని మీద ఓసారి వాదించాను. చీకట్లో అయితే ఎవరూ చూడరు కదా, ఆ మనిషికి సిగ్గు తగ్గుతుంది కదా అన్నాను.

"చీకట్లో తెచ్చేది దొంగసొమ్ము. మనం మనిషిని తీసుకెళ్తున్నాం" అన్నారు కళ్ళజోడు తుడుచుకుంటూ.

ఆవిడ దగ్గర నేర్చుకున్న ఈ మాట ఏనాడూ నాకు ఎదురుతిరగలేదు. కొన్ని మాత్రం తిరిగాయి. కుట్టుమిషను వాటిలో ఒకటి. అది చెప్పాలంటే ముందు సామ్రాజ్యం సంగతి చెప్పాలి.

లోపల

సామ్రాజ్యానిది సత్తెనపల్లి వైపు ఒక మిరప ఊరు. సాగర్ కాలవ చివరి పొలాలు. నీళ్ళు వంతులవారీగా వస్తాయి, వంతు తప్పితే పైరు తప్పినట్టే. ఒక ఏడు ఆ వంతు దగ్గరే ఆమె మొగుడూ మరిదీ గట్టు మీద కలబడ్డారు. మరిది వయసులో ఉన్నవాడు, అన్నని కింద పడేసి గొంతు పట్టుకున్నాడు. సామ్రాజ్యం చేతిలో ఉన్న పారతో కొట్టింది. విడిపించడానికే కొట్టింది. మరిది మళ్ళీ లేవలేదు.

ఆమెకి యావజ్జీవం పడింది. అప్పటికి కూతురు శిరీషకి మూడేళ్ళు. మొగుడు మొదట్లో వచ్చి చూసి వెళ్ళేవాడు. పత్తి పంట దెబ్బతిన్న ఏడు చనిపోయాడు. ఎలా చనిపోయాడో ఆ ప్రాంతంవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. పిల్లని నాయనమ్మ పెంచింది. నాయనమ్మ కూడా పోయాక పిల్ల ఆ ఇంట్లోనే ఉండిపోయింది, ఆ ఇంట్లో మిగిలిన ఒక్క మనిషి దగ్గర. ఆ మనిషి నాగేంద్రం. సామ్రాజ్యానికి తోడికోడలు. చనిపోయిన మరిది భార్య.

మొదటిసారి ఆ ఊరు వెళ్ళినప్పుడు నేను నాగేంద్రాన్ని అడిగాను, మీ భర్తని చంపిన మనిషి కూతుర్ని మీరెలా పెంచుతున్నారని. కొత్తలో అలాంటి ప్రశ్నలు అడుగుతాం. ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు.

"పిల్ల కొట్టిందాండీ?" అంది.

"లేదు."

"మరింకేంది!" అని చేట తిప్పుకుంది.

జైలంటే అందరూ గోడలూ ఊచలూ అనుకుంటారు. నాకు అక్కడ కనిపించింది అడగడం. నీళ్ళు తాగాలన్నా, అవతలి చెట్టు కిందకి పోవాలన్నా, ఒంట్లో బాగాలేక పడుకోవాలన్నా అడగాలి. కొన్నాళ్ళకి అడగడం నోటికి కాదు, ఒంటికే అలవాటవుతుంది. మనం ఒక మాట అంటే వాళ్ళు ముందు మన వెనక ఎవరున్నారో చూసి జవాబు చెబుతారు. ఊళ్ళో సామ్రాజ్యం గొంతు కాలవ అవతలికి వినబడేదట. నేను చూసేనాటికి పక్కన కూర్చుంటే తప్ప వినపడేది కాదు.

అలాగని లోపల అందరూ ఏడుస్తూ కూర్చోరు. ఒకసారి నేను వెళ్ళేసరికి అందరూ నవ్వుతున్నారు. ఏమిటంటే, పప్పుచారులో పప్పు కనిపెట్టినవాళ్ళకి శిక్ష తగ్గిస్తారని ఎవరో పుకారు పుట్టించారట. సామ్రాజ్యం కూడా నవ్వి, తర్వాత మెల్లగా అంది. "ఇక్కడ ఒక్కళ్ళమే కూర్చుని ఏడవడానికి చోటుండదమ్మా. ఏడిస్తే పదిమంది వచ్చి అడుగుతారు. అందరికీ చెప్పలేక ఏడుపు మానేశాం."

ప్రతిసారీ ఆమె నన్నడిగేది ఒక్కటే. పిల్ల ఎంత పొడుగైంది? నేను నా భుజం దగ్గర చెయ్యి పెట్టి చూపించేదాన్ని. ఆ చెయ్యి ఏటేటా పైకి జరుగుతుంటే ఆమె కళ్ళు దాంతోపాటు జరిగేవి. ఇప్పుడు మా పాపని గోడకి నిలబెట్టి పెన్సిలు గీత గీసుకుంటుంటే ఆ కళ్ళు గుర్తొస్తాయి.

కుట్టుమిషను

జనవరిలో, రిపబ్లిక్ డే క్షమాభిక్ష కింద ఆమె విడుదలైంది. గుంటూరు బస్టాండులో సత్తెనపల్లి బస్సు కోసం కూర్చున్నాం. ఆమె చేతిలోనే నీళ్ళసీసా ఉంది. మూత కూడా తీసి ఉంది. అలాగే పట్టుకుని నావైపు తిరిగి, "నీళ్ళు తాగొచ్చా అమ్మా?" అంది.

తాగమన్నాను. తాగాక తనకే తట్టి సిగ్గుపడింది.

ఊళ్ళోకి పట్టపగలే నడిచి వెళ్ళాం. వాళ్ళది ఒకే పెంకుటిల్లు, మధ్యలో గోడ పెట్టి రెండు భాగాలు చేశారు. వాకిలి ఒకటే, చేతిపంపు ఒకటే. ఒక భాగం నాగేంద్రానిది. రెండోది చాన్నాళ్ళుగా తాళం వేసి ఉంది. మేం వెళ్ళేసరికి తాళం తీసి ఉంది, లోపల ఊడ్చి ఉంది, కుండలో నీళ్ళు పోసి ఉన్నాయి. చేసినవాళ్ళు మాత్రం బయటికి రాలేదు. శిరీష ఒక్కసారి గుమ్మంలోకి వచ్చి తల్లిని చూసింది. కొత్త టీచరుని చూసినట్టు చూసి, లోపలికి పోయి పుస్తకం తీసింది. పదో తరగతికి వచ్చే పిల్ల. నేను పలకరిస్తే, "నాకు చిన్నమ్మే అమ్మండీ. ఆవిడెవరో నాకు తెలీదు" అంది. గట్టిగా ఏమీ అనలేదు, లెక్క అప్పజెప్పినట్టు అంది. గోడకి ఇవతల సామ్రాజ్యం విన్నది.

విడుదలైన ప్రతి మనిషికీ మేం కుట్టుమిషను ఇచ్చేవాళ్ళం. లోపల ఎలాగూ కుట్టుపని నేర్చుకుంటారు. ఇంటిపట్టున ఉండి, ఎవరి మాటా పడకుండా, గౌరవంగా బతుకుతారని టీచరుగారి ఉద్దేశం. నేనూ అదే అనుకున్నాను. మిషను పక్కన నవ్వుతున్న ఆడమనిషి ఫొటో సాయం చేసేవాళ్ళకీ నచ్చేది.

సామ్రాజ్యం ఆ మిషను ముందు కూర్చుంది. ఒక్కరూ జాకెట్టు గుడ్డ తేలేదు. ఒకటి, కోతల కాలం. జనం పొద్దున్నే చేలల్లో పడితే చీకటికి వస్తారు, అప్పుడు ఎవరికీ కుట్టించుకునే తీరికుండదు. రెండోది నాకు పంపు దగ్గర తెలిసింది. ఇద్దరు ఆడవాళ్ళు నీళ్ళు పట్టుకుంటున్నారు.

"కొలతలియ్యాలంటే ఆమె ముందు చేతులెత్తి నిలబడాలి గదే. కత్తెర ఆమె చేతిలో ఉంటది" అంది ఒకామె.

"ఆడ కూర్చుని ఏం చేస్తందో! జైలు నుంచి ఇంటికి మార్చారు, అంతే" అంది రెండో ఆమె.

ఆ రెండో మాట నిజం. మేం గౌరవం అనుకుని ఆమెని మళ్ళీ ఒక గదిలో పెట్టాం. వారానికోసారి నేను వెళ్ళేసరికి తలుపు దగ్గరికి వేసుకుని కూర్చుని ఉండేది. మిషను మీద దుమ్ము ఉండేది కాదు, రోజూ తుడుస్తుంది. ఆఫీసుకి వచ్చి టీచరుగారికి చెప్పాను.

"ఉగాది దాకా చూద్దాం. కుదరకపోతే ఒంగోలులో ఆడపిల్లల హాస్టల్లో వంటకి పెట్టిస్తాను. మాట్లాడి ఉంచాను" అన్నారు.

సామ్రాజ్యానికి చెప్పాను. ఏది చెప్పినా తలూపే మనిషి, దీనికీ ఊపింది. నేను బస్సెక్కేదాకా వచ్చి, అప్పుడు అంది. "ఆడికి పోతే ఇంక పిల్ల నాది గాదమ్మా. ఇన్నాళ్ళూ జైలు అడ్డమున్నందుకు రాలేదు. ఇప్పుడు పోతే నేనే పోయినట్టు."

గేదెకి చెప్పడం

ఆ ఊళ్ళలో మాటల్లేని ఇళ్ళు చాలా ఉంటాయి. మాటల్లేవంటే మాట్లాడుకోరని కాదు. ఎదుటి మనిషికి చెప్పాల్సింది కోడికో, గేదెకో, చంటిపిల్లకో గట్టిగా చెబుతారు. వినాల్సినవాళ్ళు వింటారు. చదువుకున్న నాకు ఇది మొదట చాదస్తంగా కనిపించింది. ఇప్పుడు చెబుతున్నాను, ఆ అలవాటు లేకపోతే ఆ ఊళ్ళలో సగం కొంపలు ఏనాడో కాలిపోయేవి.

నాగేంద్రం తన గేదెకి చెప్పేది. "పంపు వాషరు అరిగిపోయింది. నెమ్మదిగా కొట్టకపోతే ఊడొచ్చుద్ది." ఇవతల సామ్రాజ్యం పంపు నెమ్మదిగా కొట్టేది. నేను వెళ్ళిన రోజుల్లో గేదెకి సెలవు. నాతో చెప్పేది.

"అమ్మాయ్, ఈ ఇంటి పైకప్పు మీద పెంకు జారింది. వానొస్తే కారుద్ది. నాకెందుకులే, ఊరికే చెప్తన్నా."

"అమ్మా, చూశాలే అని చెప్పు" అనేది సామ్రాజ్యం, నాతోనే, చేతికందేంత దూరంలో ఉన్న నాగేంద్రానికి.

ఒకరోజు మధ్యలో నిలబడి విసుగొచ్చి, "మీరిద్దరూ నేరుగా మాట్లాడుకోవచ్చుగా" అన్నాను. ఇద్దరూ ఒకేసారి నావైపు చూశారు. ఆ ఇంట్లో వాళ్ళిద్దరూ ఒక్క మాట మీద ఉండటం నేను చూసింది అప్పుడే.

కొత్తగా పనిలోకి వచ్చేవాళ్ళకి నా సలహా ఏమిటంటే, అలాంటిచోట గోడగా ఉండటానికి సిగ్గుపడొద్దు. ఎవరినీ దగ్గరికి లాగొద్దు, క్షమించమని అడగొద్దు, అడిగించొద్దు. శిక్షణలో రాజీ కుదర్చడం గురించి మాకు చాలా చెప్పారు. నాగేంద్రం మొగుడు తిరిగి రాడు. ఆమెని రాజీపడమనడానికి నేనెవర్ని? పెంకు జారిందని చెప్పింది, అదే ఎక్కువ.

కోటమ్మ ముఠా

మిరపకాయ పండిందంటే ఆగదు. కోయకపోతే చెట్టు మీదే తెల్లబారి పనికిరాని తాలు అయిపోతుంది. ఫిబ్రవరి చివరికి ఆ ప్రాంతంలో కూలీల కోసం రైతులు ఊళ్ళ మీద పడి తిరుగుతారు. ఆడవాళ్ళు ముఠాలుగా వెళ్తారు, ఒక్కో ముఠాకి ఒక మేస్త్రి. నాగేంద్రం వెళ్ళే ముఠాకి మేస్త్రి కోటమ్మ. పొట్టి మనిషి, పెద్ద నోరు.

ఆ వారం ఆమె ముఠాలో ఇద్దరు జ్వరంతో పడ్డారు. నేను వాకిట్లో ఉండగానే వచ్చింది. సామ్రాజ్యం తలుపు తోసి, మిషను చూసి, "ఏంది, దీన్ని కాపలా కాస్తన్నావా? రేపు కాయ కోతకి రా" అంది.

సామ్రాజ్యం నావైపు చూసింది, పోవచ్చా అన్నట్టు.

"ఆ అమ్మాయిని చూస్తావేందే! కోసేది నువ్వా, ఆ అమ్మాయా?"

జాలితో పిలిచిందనుకోవద్దు. ఆమెకి చేతులు కావాలి. జాలితో పిలిచి ఉంటే సామ్రాజ్యం వెళ్ళేది కాదేమో కూడా.

ఆ రాత్రి సత్తెనపల్లిలో మా బంధువుల ఇంట్లో ఉండిపోయి, మర్నాడు నేనూ చేనుకి వెళ్ళాను. పనికి కాదు, ఊరికే గట్టు మీద కూర్చోవడానికి. ఒక్కొక్కరికి ఒక్కో సాలు, ఒక్కో వరస మొక్కలు చొప్పున కోటమ్మ పంచుతుంటే ఒకామె అడ్డం తిరిగింది.

"ఆమె పక్క సాలు నాకొద్దు."

"ఒద్దా? అయితే ఇంటికి పో. నేను కాయ కొయ్యటానికి పిలిచా, పేరంటానికి గాదు."

ఆమె గొణుక్కుంటూనే సాలులోకి దిగింది. దిగేముందు ఒక చిన్న ఆముదం సీసా చేతులు మారింది. కాయ కోసేవాళ్ళు ముందే చేతులకి ఆముదం రాసుకుంటారు. కాయ తుంచగానే మండదు. ఘాటు పొద్దంతా నెమ్మదిగా తోలులోకి దిగుతుంది. సాయంత్రానికి తెలుస్తుంది. సీసా ఒకరి నుంచి ఒకరికి వచ్చి, సామ్రాజ్యం దగ్గరికి వచ్చేసరికి ఆమె వీపు వెనకగా అవతలి మనిషికి వెళ్ళిపోయింది. మంచినీళ్ళకి కూడా పర్మిషన్ అడిగే మనిషి, ఆ సీసా మాత్రం అడగలేదు. చివరికి సీసా నాగేంద్రం దగ్గర ఆగింది. ఆమె రాసుకుని, మూత పెట్టి, సామ్రాజ్యం చేతులవైపు ఒకసారి చూసి, బొడ్లో దోపుకుంది.

గట్టు మీద తుమ్మచెట్టు కొమ్మకి చీర ఉయ్యాల కట్టి ఒక చంటిపిల్ల ఉంది. అది ఏడిస్తే తల్లి వచ్చి, అరచేతులు రెండూ వెనక్కి విరిచి, మోచేతుల మీద పిల్లని ఎత్తుకుని పాలిచ్చింది. వేళ్ళు తగలకూడదు, పిల్ల కళ్ళు మండిపోతాయి. అప్పటికి నాకు పిల్లల్లేరు, వింతగా చూశాను. ఇప్పుడు పాపని ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కుని, మళ్ళీ కడుక్కుని, అయినా అనుమానంతో వాసన చూసుకుంటుంటే, వేళ్ళు తగలనివ్వకుండా పిల్లని గుండెకి హత్తుకున్న ఆ మనిషి కళ్ళ ముందుకొస్తుంది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర వేళాకోళాలు మొదలయ్యాయి.

"చేతులు చూడండే, ఎట్టా నున్నగున్నయ్యో! గవర్నమెంటు అన్నం గదా" అంది పక్క సాలు ఆమె.

అందరూ ఎదురుచూశారు. నేను లేచి ఏదో అనబోయాను. ఆపుకోవడం మంచిదైంది. సామ్రాజ్యం ముద్ద మింగి, మెల్లగా అంది.

"అన్నం గవర్నమెంటుదే. అందులో రాళ్ళు కూడా దాందే. పళ్ళు మాత్రం మనయ్యి."

ముందు కోటమ్మ నవ్వింది. తర్వాత ముఠా అంతా. పక్క సాలు ఆమె పచ్చడి ముక్క ఒకటి సామ్రాజ్యం ఆకులో వేసింది. నాగేంద్రం నవ్వలేదు. అటు తిరిగి చెయ్యి కడుక్కుంది.

కాలం చూసి తీసుకెళ్ళడం

ఆ తర్వాత మేం పని తీరు మార్చుకున్నాం. విడుదల మన చేతిలో ఉండదు, నిజమే. కానీ బయటికొచ్చిన మనిషిని ఏ కాలంలో ఊరికి చేర్చాలన్నది కొంత మన చేతిలో ఉంటుంది. పనిలేని కాలంలో తీసుకెళ్తే ఊరంతా అరుగుల మీద కూర్చుని ఆమెనే చూస్తుంది. పత్తి తీతలప్పుడు, మిరపకోతలప్పుడు తీసుకెళ్తే చూసే తీరిక ఉండదు, చెయ్యి అవసరం ఉంటుంది. అవసరం కోసం చోటిచ్చినవాళ్ళు తర్వాత మంచితనంతో కూడా ఇవ్వొచ్చు. మంచితనం కోసం ముందే ఎదురుచూస్తే తలుపు వేసుకుని కూర్చోవడమే. అవసరమైతే కోతలు వచ్చేదాకా ఆమెని టీచరుగారింట్లోనైనా ఉంచాలి. మిషను తర్వాత ఇవ్వొచ్చు. ఈ మాట టీచరుగారితో అంటే కోప్పడతారని భయపడ్డాను. "ఇన్నేళ్ళు బళ్ళో పిల్లల్ని గదిలో కూర్చోబెట్టిన అలవాటమ్మా నాది. ఎవర్ని చూసినా కూర్చోబెట్టాలనిపిస్తుంది" అని నవ్వారు.

నన్ను బాధపెట్టిన కేసులు వేరే ఉన్నాయి. తీసుకెళ్ళిన వారానికే తిరిగి వచ్చి మా ఆఫీసు మెట్ల మీద కూర్చున్నవాళ్ళున్నారు. కొడుకులు తలుపు తియ్యని తల్లులున్నారు. అన్నిటికీ కోతలు మందు కాదు. ఒంగోలు పిల్లా, నువ్వు అలాంటివి చూసి వచ్చిన రోజు ఇంటికెళ్ళి మామూలుగా అన్నం తిను. నేను తినేదాన్ని కాదు. దానివల్ల ఎవరికీ ఏ మేలూ జరగలేదు.

పాప ఒకసారి కదిలింది. చూసి వచ్చాను. ఊపిరి బాగానే ఉంది. ఇక మిగిలింది ఆ సాయంత్రమే.

వాకిట్లో

పొద్దు వాలుతుండగా చేను నుంచి వచ్చాం. సామ్రాజ్యం దారంతా రెండు చేతులూ ముందుకి చాపి నడిచింది. ఇన్నేళ్ళలో మరిచిపోయిందేమో, ఇల్లు చేరగానే పంపు కింద పెట్టింది. నీళ్ళు తగిలితే మంట ఇంకా రేగుతుంది. కెవ్వుమనలేదు. పళ్ళు బిగబట్టి వాకిట్లో కూలబడి అరచేతులు ఊదుకుంటోంది. ఎర్రగా, కాల్చినట్టున్నాయి. నేను మజ్జిగ కోసం వెతికితే ఆమె కుండలో మజ్జిగ లేదు.

గోడ అవతల నుంచి నాగేంద్రం చెంబుతో మజ్జిగ తెచ్చి నా చేతిలో పెట్టింది. "పాడైపోద్దని తెచ్చా" అంది. దాంతోపాటు బొడ్లోంచి ఆముదం సీసా తీసి పంపు గట్టు మీద పెట్టింది. దానికి ఏ సాకూ చెప్పలేదు.

మజ్జిగలో చేతులు పెడితే కొంచెం తగ్గింది, తీయగానే మళ్ళీ మంట. పొయ్యి మీద అన్నం వండి ఉంది, వంకాయ కూర ఉంది. పొద్దున వండిపెట్టుకున్నదే. ఆ చేతులతో కారం కూర కలుపుకోవడం అయ్యే పని కాదు. "ఆకలి లేదులే అమ్మా" అంది సామ్రాజ్యం. మధ్యాహ్నం నాలుగు ముద్దలు తిన్న మనిషి.

శిరీష వాళ్ళ గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తోంది. ఆ పిల్ల కోతలున్న ఇంట్లో పెరిగింది. మండే చేతులు ఆమెకి కొత్త కాదు. నాగేంద్రం చేతులు అలా మండిన రోజుల్లో చిన్నప్పటి నుంచీ అన్నం కలిపి పెట్టేది తనే. అది నాకు తర్వాత తెలిసింది.

నాగేంద్రం గేదెకి గడ్డి వేస్తూ, అటే తిరిగి ఉంది.

"ఏమే శిరీషా, ఆ చేతులతో ఎట్టా తింటదే? పోయి కలిపి పెట్టు."

"నేనా?" అంది పిల్ల.

నాగేంద్రం గడ్డి విదిలించడం ఆపింది.

"నేను పెట్టలేను గదే. నా వల్ల గాదు. నువ్వు పెట్టు."

పిల్ల దిగి వచ్చి, పంపు దగ్గర చెయ్యి కడుక్కుని, నన్ను దాటుకుని లోపలికి వెళ్ళింది. తల్లి వచ్చాక ఆ భాగంలోకి వెళ్ళడం అదే మొదటిసారి. కంచం ఎక్కడుందో అడగలేదు, వెతుక్కుంది. కూర వేసి కలిపి తెచ్చి తల్లి ముందు గొంతుక్కూర్చుంది. ముఖం చూడకుండా ముద్ద చేసి నోటి దగ్గర పెట్టింది.

సామ్రాజ్యం నోరు తెరవలేదు. పిల్ల భుజం మీదుగా నాగేంద్రం వైపు చూసింది. అలాగే చూస్తూ ఉండిపోయింది. పిల్ల చెయ్యి గాల్లోనే ఉంది.

నాగేంద్రం వెనక్కి తిరగలేదు. చెయ్యి గేదె వీపు మీద వేసి, దానితో అంది.

"ఇంకా ఎవరి ఆర్డరు కోసం చూస్తందో అడుగు. ఇది జైలు గాదు. చల్లారిపోద్ది, తినమను."

సామ్రాజ్యం నోరు తెరిచింది.